దభేల్ గారి పడే ఉద్యోగం

మా అల్లుడుగారు ఏం ఉద్యోగం చేస్తారని ఎవరైనా అడిగితే “కంప్యూటర్ల కంపెనీలో” అని చెప్పి మాట మార్చేస్తాను. నిజం చెబితే నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. ఆయన పడతారు. అదీ ఉద్యోగం. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్ళి పడతారు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ పడతారు. పెళ్ళికి ముందు “అబ్బాయి టెస్టింగ్‌లో ఉన్నాడు” అంటే రక్తపరీక్షలు చేస్తాడేమో అనుకున్నాను.

ఇళ్ళకు తెలివితేటలు నేర్పే కంపెనీ ఆయనది. మనిషి గదిలో అడుగుపెడితే దీపం వెలగాలి, బయటికెళితే ఫ్యాను ఆగాలి, తలుపు తన తాళం తానే వేసుకోవాలి, ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఇళ్ళల్లో మనుషులకే మాటల్లేవు, ఇంక దీపాలూ ఫ్యాన్లూ మాట్లాడుకుని ఏం ఉద్ధరిస్తాయో నాకైతే తెలియదు. ఆ సామాన్లలో ఒకటి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం చేసిన పెట్టె. పైకప్పుకు సాసరంత డబ్బా అంటిస్తారు, అలమరలో మాట్లాడే పెట్టె పెడతారు. దానికి పనులు రెండు. మనిషి పడితే గుర్తుపట్టి “మీకు బాగానే ఉందా?” అని అడగాలి, జవాబు రాకపోతే అయినవాళ్ళ ఫోనుకు కబురు పంపాలి. రెండోది, ఆ ఇంట్లో రోజూ ఏం జరుగుతుందో చూసి నేర్చుకోవాలి. రోజూ తెరిచే కిటికీ ఒకరోజు తెరుచుకోకపోయినా కబురు పంపాలి. గోడలకు చెవులుంటాయని విన్నాం, ఇప్పుడు పైకప్పులకు కళ్ళు కూడా వచ్చాయి.

మరి మనిషి పడితే అది గుర్తుపడుతుందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు పడాలి కదా! ఆఫీసులో దానికోసం ఒక ఉత్తుత్తి ఇల్లు కట్టారు. నన్నూ ఒకసారి తీసుకెళ్ళి చూపించారు. మంచం, సోఫా, వంటగట్టు, బాత్రూము అన్నీ ఉన్నాయి, కుళాయి తిప్పితే మాత్రం నీళ్ళు రావు. మొదట్లో అక్కడ మనిషంత బొమ్మను పడేసేవారట. మా అల్లుడుగారు ఒప్పుకోలేదు. “బొమ్మకు భయం ఉండదండీ అత్తయ్యగారూ. భయం లేకుండా పడితే అది పడడం కాదు, పారేయడం” అన్నారు నాతో. అప్పటినుంచి బొమ్మ మూలన కూర్చుంది, ఆయన పడుతున్నారు. గోడను పట్టుకుని నెమ్మదిగా జారతారు. స్టూలు ఎక్కి దిగబోతూ పడతారు. మంచం మీదనుంచి దొర్లుతారు. ఆఫీసంతా ఆయన్ని దభేల్ గారంటారు. పై అధికారి “దభేల్ గారూ, ఓసారి ఇలా వచ్చి పడతారా?” అని పిలవడం నా చెవులారా విన్నాను. నాకైతే ఒళ్ళు మండింది. ఆయన మాత్రం “వస్తున్నానండీ” అంటూ జేబులో పెన్ను తీసి బల్లమీద పెట్టి వెళ్ళారు.

ఇక నా సంగతి. నేను ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేశాను. ఈ చిల్లులోంచి తీగ పీకి ఆ చిల్లులో గుచ్చితే ఎక్కడెక్కడివాళ్ళో కలిసి మాట్లాడుకునేవాళ్ళు. అందుకే నా గొంతు పెద్దది, ఓపిక చిన్నది. రిటైరయ్యాక బస్సులు మలుపు తిరిగే చోట చిన్న ఇల్లు కొనుక్కుని నా మానాన నేను బతుకుతుంటే, ఒకరోజు బాత్రూములో కాలు జారింది. తుంటి విరిగింది. పొద్దున పడితే, పక్కింటావిడకు అనుమానం వచ్చి తలుపు తీయించేసరికి పొద్దు వాలింది. ఆపరేషనయ్యాక అమ్మాయి నన్ను తనింటికి తెచ్చేసుకుంది.

కూతురింట్లో లోటేముంది అంటే, ఏమీ లేదు. అదే బాధ. కాఫీ అడక్కముందే వస్తుంది. గిన్నె ముట్టుకుంటే లాక్కుంటుంది. రేడియో కొంచెం గట్టిగా పెడితే ఎవరూ ఏమీ అనరు, అనకుండా తలుపు మెల్లగా వేసుకుంటారు. నాకు నా కిటికీ కావాలి, నా కుర్చీ కావాలి, నా రేడియో అరుపు కావాలి. “నా ఇంటికి నేను పోతానే” అన్న ప్రతిసారీ అది ఒకే మాట అనేది.

“ఇంకోసారి పడితే?”

“పడితే లేస్తా.”

“కిందటిసారి లేచావా అమ్మా?”

పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే ఉద్యోగం దానిది. ఎదుటివాళ్ళ నోరు మూయించడం అక్కడెలా నేర్చుకుందో గానీ బాగా నేర్చుకుంది. పైగా నా ఇల్లు అద్దెకిచ్చేద్దామని ఇద్దరు ముగ్గురితో మాట్లాడింది కూడా.

అప్పుడు నోరు విప్పారు అల్లుడుగారు. “మా పెట్టె అత్తయ్యగారింట్లో పెడదాం. ఏదైనా జరిగితే క్షణంలో నీ ఫోనుకు తెలుస్తుంది” అన్నారు. అమ్మాయి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, “ముందు మనింట్లో పనిచేసి చూపించండి” అంది. ఎలాగూ ఆ కంపెనీలో టెస్టింగువాళ్ళు సామాను ఇంటికి తెచ్చుకుని దానితో కాపురం చేయాలన్నది పద్ధతేనట. మర్నాడే పైకప్పుకు సాసరు అతుక్కుంది.

ఇక చూడాలి ఆ భాగవతం! సోఫా వెనక పడేవారు. తడి తువ్వాలు భుజాన వేసుకుని పడేవారు. ఫోన్లో మాట్లాడుతూ పడి, పడ్డాక కూడా అవతలివాళ్ళతో మాట్లాడేవారు. పడగానే పెట్టె “మీకు బాగానే ఉందా?” అనేది. ఆయన పైకప్పుకేసి చూసి, చేతి వాచీ చూసుకుని, అది ఎంతసేపట్లో అడిగిందో మనసులో లెక్కకట్టుకుని, “బాగానే ఉన్నాను” అనేవారు. లేచి దులుపుకుని, “మళ్ళీ ఒకసారి” అనేవారు. మొదటి రోజుల్లో అమ్మాయి వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చేది. తరవాత అక్కడినుంచే తొంగిచూసేది. ఆ తరవాత తలకూడా తిప్పడం మానేసింది. హాల్లో మొగుడు బోర్లా పడి ఉంటే ఆయన్ని దాటుకుంటూ వెళ్ళి బట్టలు ఆరేసుకొచ్చేది.

కింది ఇంటాయనకు మాత్రం నిద్రాహారాలు లేవు. ఆయన ఒకరోజు గొంతు సవరించుకుంటూ పైకొచ్చి, అమ్మాయిని పక్కకు పిలిచి, “అమ్మా, మొగుడూ పెళ్ళాలన్నాక మాటా మాటా వస్తుంది. అంతమాత్రానికి మనిషిని అలా ఎత్తి కుదేయడం బాగుండదు తల్లీ. అసలే బక్కప్రాణం” అన్నాడు. అమ్మాయి మొహం కందగడ్డలా అయింది. నేను నవ్వలేక చచ్చాను. అల్లుడుగారు సోఫా వెనకనుంచి లేచి నిలబడి, “అబ్బే, అలాంటిదేం లేదండీ, నేనే పడుతున్నాను” అన్నారు. ఆయన జాలిగా చూసి వెళ్ళిపోయాడు. పెళ్ళాం భయంతో అలా చెబుతున్నాడనుకుని ఉంటాడు.

నేను మాత్రం ఆ పడడాలన్నీ శ్రద్ధగా చూసేదాన్ని. ఎందుకంటే ఒక సాయంత్రం ఆయన నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “అత్తయ్యగారూ, మీరు ఆ రోజు ఎలా పడ్డారో చెబుతారా?” అని అడిగారు. డాక్టరు దగ్గరనుంచి చుట్టాల దాకా అందరూ ఎందుకు పడ్డావనే అడిగారు. చూసుకోవద్దూ అన్నారు, వయసొచ్చాక జాగ్రత్తగా ఉండొద్దూ అన్నారు. ఎలా పడ్డారని అడిగింది ఈయనొక్కరే. ముందు ఎడంకాలు ముందుకు పోయిందని, కుడిచెయ్యి తువ్వాలు కొక్కెం కోసం తడుముకుందని, కొక్కెం ఊడి చేతికొచ్చిందని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. లేచి అలాగే పడ్డారు. “ఇలాగేనా?” అన్నారు కిందనుంచి. “చెయ్యి ఇంకొంచెం పైకి బాబూ” అన్నాను. మళ్ళీ పడ్డారు. అచ్చం నాలాగే పడ్డారు! నాకు ఏడుపొచ్చింది. ఆ రోజునుంచి ఆయన ఉద్యోగాన్ని ఇంట్లో నేను వెక్కిరించడం మానేశాను. బయట మాట మార్చడం మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఆఖరికి పెట్టె పాసయింది. బట్టల మూట పడేస్తే కిమ్మనలేదు, అల్లుడుగారు పడితే ఒక్కసారీ తప్పలేదు. అమ్మాయి ఒక షరతు పెట్టింది. “అమ్మ ఒక రోజు తనింట్లో ఒంటరిగా ఉంటుంది. నేను పనికెళ్తాను. సాయంత్రం దాకా ఏ గొడవా లేకపోతే ఇంక అక్కడే ఉండనిస్తా. ఏ చిన్న గొడవ జరిగినా తిరిగొచ్చేయాలి. ఇల్లు అద్దెకిచ్చేస్తా. తరవాత నామీద ఎవరూ అలగకూడదు.” సరేనన్నాను. నా ఇల్లు ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉంది.

అల్లుడుగారు హాల్లో సాసరు ఊడదీసి, అలమరలో పెట్టె తీసుకుని, రెండూ తెచ్చి నా ఇంట్లో బిగించారు. “కొత్తది పెట్టొచ్చు కదా బాబూ” అంటే, “కొత్తదైతే ఓనమాలనుంచి నేర్చుకోవాలండీ. ఇది బాగా చదువుకున్న పెట్టె” అని దాని నెత్తిన తట్టారు. కన్నబిడ్డను బడికి పంపేవాడిలా ఉంది ఆయన వాలకం. అంత బాగా చదువుకున్న ఆ పెట్టె ఏం చదువుకుందో అప్పటికి ఆయనకూ తెలియదు.

ఆ రోజు నేను రాణిలా బతికాను. వెళ్ళగానే కిటికీ తెరిచాను. బస్సులు మలుపులో అరుస్తుంటే ఎంత హాయిగా ఉందో! రేడియో గొంతు పెంచాను. కాఫీ నేనే పెట్టుకుని, సగం పొంగించి, ఎవరూ ఏమీ అనకుండా నేనే తుడుచుకున్నాను. కుర్చీలో కునుకు తీశాను. లేచి చూస్తే నేల దుమ్ము పట్టి ఉంది. ఇన్నాళ్ళ తరవాత నా నేల, నేను తుడుచుకోకపోతే ఎలా? పొడుగు కర్ర తుడుపుగుడ్డతో గోడవారగా నిదానంగా తుడుస్తున్నాను. ఒక్క అడుగు తూలలేదు. ఒట్టు.

అంతలో వీధిలో టాక్సీ కీచుమని ఆగింది. మెట్లమీద దబదబా అడుగులు. తాళంచెవి తిప్పిన చప్పుడు. తలుపు తెరుచుకుని అమ్మాయి! జుట్టు రేగిపోయి, చెప్పులు రెండు రకాలవి, మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“అమ్మా! ఎక్కడ పడ్డావ్?”

“నేనెక్కడ పడ్డానే? తుడుచుకుంటున్నా.”

అది ఫోను నా మొహం మీద పెట్టింది. ‘ఇంట్లో రోజూ జరిగేది ఈరోజు జరగలేదు. వెంటనే చూసుకోండి’ అని ఉంది. ఒకటి కాదు, వరసగా వచ్చాయట. నేను తెల్లబోయాను. రోజూ జరిగేది జరగకపోవడమేమిటి? కిటికీ తెరిచాను, కాఫీ పెట్టాను, కునుకు కూడా తీశాను!

అమ్మాయి గుమ్మంలోనే కూలబడినంత పనిచేసి, “చూశావా? మొదటిరోజే గొడవ. నా వల్ల కాదమ్మా, పద, ఇంటికి పద” అంది. అయిపోయింది నా బతుకు అనుకున్నాను. దాని వెనకనుంచి అల్లుడుగారు ఆయాసపడుతూ వచ్చారు. వచ్చినాయన నన్ను చూడలేదు, పెళ్ళాన్ని చూడలేదు, నేల చూడలేదు. పైకప్పు సాసరుకేసే చూస్తూ, “అసాధ్యం, ఎలా జరుగుతుంది?” అంటూ నేరుగా తడినేల మీదకొచ్చారు.

దభేల్!

“మీకు బాగానే ఉందా?” అంది పెట్టె.

“బాగానే ఉన్నాను” అన్నారు ఆయన.

వెంటనే అమ్మాయి ఫోను టింగుమంది. చూసి చదివింది. ‘ఇంట్లో ఇప్పుడు అంతా మామూలుగానే ఉంది.’

“అయ్యో రామా! లేవండి ఇంక” అంది అమ్మాయి విసుగ్గా. “ఇక్కడ కూడానా? మా ప్రాణాలు పోతుంటే మీ టెస్టింగేమిటి?” అని ఆయన్ని దాటుకుని నా చేతిలో కర్ర తీసుకోబోయింది.

నేను కర్ర వదల్లేదు. నా కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఆయన పడడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పడగానే పైకి చూస్తారు, తరవాత వాచీ చూసుకుంటారు. ఈసారి పైకి చూడలేదు. ఎటూ చూడలేదు. పెదవి కొరుక్కుంటూ గోడను చూస్తున్నారు.

“అమ్మాయ్” అన్నాను. “ఈయన వాచీ చూసుకోలేదే.”

అది గిరుక్కున తిరిగింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉంది. “ఏవండీ, నిజంగా పడ్డారా?” అంది దీనంగా. “నిజంగానే” అన్నారు ఆయన, ఏదో తప్పుచేసినవాడిలా. “మరి బాగానే ఉన్నానన్నారు?” అంటే, “అది అడిగితే నోట్లోంచి అదే వస్తోంది” అన్నారు. తుంటి సంగతి మరిచిపోయి నేను కుర్చీ లాక్కొచ్చాను, ఆయన్ని ఎడంచెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టాను. అమ్మాయి టాక్సీ కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని బయట బెంచీ మీద కూర్చున్నాం. అల్లుడుగారు ఎడంచేత్తో ఫోను కెలుకుతూ పెట్టె నేర్చుకున్న అలవాట్లు తీసి చూశారు. చూడగానే అంత నొప్పిలోనూ ఆయన మొహం వెలిగిపోయింది. “అత్తయ్యగారూ, వినండి. ఈ ఇంటి అలవాట్లు: కిటికీ తెరవడం. కాఫీ పెట్టడం. పడడం!” అన్నారు. “మా ఇంట్లో నేను రోజూ పడి, బాగానే ఉన్నానంటుంటే, ఇంట్లో పడడం మామూలనుకుంది. ఈరోజు మీరు ఎంతకీ పడకపోయేసరికి కంగారు పడింది. నేను పడ్డాక దాని మనసు కుదుటపడింది. అబ్బ, ఎంత చక్కగా నేర్చుకుందండీ!”

నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు, నవ్వితే చెయ్యి కదిలి మూలిగారు. అమ్మాయి నవ్వలేదు. చూస్తే దాని కళ్ళనిండా నీళ్ళు.

“ఆ పెట్టెనేం అంటాం? నేనూ అదే నేర్చుకున్నాగా” అంది. “ఈయన కిందపడి ఉంటే దాటుకుని వచ్చేశాను. నువ్వు పడిన రోజు కూడా అంతేనమ్మా. పొద్దున ఫోన్ చేశాను, ఎత్తలేదు. మధ్యాహ్నం చేశాను, ఎత్తలేదు. ఫోన్ ఎక్కడో పడేసి రేడియో వింటుంటుంది, అలవాటేగా అనుకున్నా. అలవాటేగా అనుకుని పనిచేసుకున్నా. నువ్వక్కడ నేలమీద ఉన్నావ్.”

ఇన్నాళ్ళూ దాని కడుపులో ఉన్నది ఇదా! నన్ను గిన్నె ముట్టుకోనివ్వకపోవడం, అడక్కముందే కాఫీ తేవడం, అన్నీ ఇదేనా! నా తల్లి, నేను దాన్ని జైలరనుకున్నాను. దాని తల నా భుజానికి ఆనించుకున్నాను.

“పిచ్చిదానా, ఫోను ఎక్కడ పడితే అక్కడ పడేసింది నేను కాదూ?” అన్నాను. “అయినా ఇవాళ పడ్డదెవరు, పట్టుకున్నదెవరు? చెప్పు.”

అది ముక్కు చీదుకుంటూ ఒప్పుకుంది. సందు దొరికింది కదా అని నేను నా షరతు చెప్పేశాను. నేను నా ఇంట్లోనే ఉంటాను. నా ఇంట్లో పెట్టె దాని ఫోనుకు కబురు పంపుకోనీ, నాకు అభ్యంతరం లేదు. కానీ వాళ్ళింట్లోనూ ఒకటి పెట్టాలి, అది నా ఫోనుకు మోగాలి. “జీవితమంతా తీగలు గుచ్చినదాన్ని. ఒక కొస తగిలించి రెండోది గాల్లో వదిలేస్తే అది లైనెలా అవుతుందే?” అన్నాను. అమ్మాయి ఆయన కట్టు వంక చూసింది, నా వంక చూసింది. “ఫోను మెడలో వేలాడేసుకోవాలి మరి” అంది. వేలాడేసుకుంటానన్నాను.

మర్నాడు ముగ్గురం నా ఇంట్లో చేరాం. అల్లుడుగారు పెట్టె బుర్ర కడిగేశారు. నేర్చుకున్నదంతా పోయింది, పాపం పసిపిల్లయింది. “ఇప్పుడు ఎవరైనా ఒకసారి పడాలి” అంటూ అలవాటుగా పెన్ను తీసి బల్లమీద పెట్టి, చేతికట్టు చూసుకుని ఆగిపోయారు. నేను లేవబోతే ఇద్దరూ ఒకేసారి అరిచారు. అమ్మాయి జుట్టు ముడేసుకుని, సోఫా మీద దిండు తీసి నేలమీద పెట్టుకుంది.

“దిండుంటే చెల్లదు” అన్నారు ఆయన. అది ఆయనకేసి కొరకొరా చూసి దిండు కాలితో తోసేసింది. గోడ పట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, చాలాసేపు తటపటాయించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కసారిగా వదిలేసుకుంది.

“అమ్మా!”

పెట్టె ఇంకా నోరు తెరవలేదు. అమ్మాయి ఫోను ఇంకా మోగలేదు. కుర్చీలోంచి ఎలా లేచానో నాకే తెలియదు, నేను దాని పక్కన ఉన్నాను. దాని తల నా చేతుల్లో ఉంది. అది కళ్ళు తెరిచి నన్ను చూసి, కిందపడుకునే నవ్వడం మొదలుపెట్టింది.

అల్లుడుగారు మాత్రం ఎడంచేతికి మార్చుకున్న వాచీ చూసుకుంటూ తల అడ్డంగా ఊపారు. “అత్తయ్యగారు పెట్టెకంటే ముందొచ్చేశారు, ఇది చెల్లదు” అన్నారు. “మళ్ళీ ఒకసారి.”